అమరిక ఒకటి, తెర మీద తేదీ మరొకటి

కంప్యూటర్ అమరికల్లో రోజు ముందుండే తేదీని ఎంచుకున్నా చాలా ప్రోగ్రాములు నెలనే ముందు చూపుతాయి. ఎందుకని? సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్ మొదలైన క్షణంలో దానికి వినియోగదారు దేశం ఏదో తెలియదు. కంప్యూటర్ అమరికల్లో భారతదేశం అని ఉన్నా, జర్మనీ అని ఉన్నా, ఆ ఎంపికను చదువుకొమ్మని ప్రోగ్రామర్ ‘సెట్‌లొకేల్’ అనే ఆదేశాన్ని విడిగా రాస్తే తప్ప, ఆ ప్రోగ్రామ్ ‘సీ లొకేల్’ అనే పుట్టుకతో వచ్చిన స్థితిలోనే నడుస్తుంది (ఒక ప్రాంతపు భాష, తేదీ, అంకెల పద్ధతులన్నిటినీ కలిపి లొకేల్ అంటారు). ఆ స్థితిలో తేదీని ఎలా చూపాలో 1999 నాటి సీ ప్రమాణం నిర్దేశించింది: ముందు నెల, ఆ తరువాత రోజు, చివర ఏడాదిలోని రెండంకెలు. ఏ ప్రాంతానికీ చెందదని చెప్పుకొనే స్థితిలో అమెరికా తేదీ వరుస ఇలా స్థిరపడిపోయింది. ప్రోగ్రాములు రాయడానికి మైక్రోసాఫ్ట్ అందించే డాట్‌నెట్ వేదికలో ‘ఇన్వేరియంట్ కల్చర్’ అనే మరో తటస్థ స్థితి ఉంది. అందులోనూ నెలే ముందు వస్తుంది.

ప్రాంతీయ తేదీ అమరికను సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టించుకోదన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ ఏర్పాటులోనే ఉంది. అమరికను పాటించాలంటే ఎవరో ఒకరు పని చేయాలి. విస్మరించడానికి ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. పైగా ఆ పని ఒక్కచోట చేస్తే సరిపోదు. వినియోగదారు ఎంపిక ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక మూల నమోదై ఉంటుంది, తేదీని ఏ వరుసలో పేర్చాలన్న నిర్ణయం మాత్రం బ్రౌజర్‌లోనో, దూరాన ఉన్న సర్వర్‌లోనో, డేటాబేస్‌లోనో జరుగుతుంది. ఈ దారిలో ఉన్న ప్రతి మలుపు దగ్గరా ఆ ఎంపిక జారిపోయే వీలుంది. ప్రోగ్రామర్లకు అమెరికా అవతల లోకం తెలియదని నిందించడం తేలిక గాని, తెలిసినవారు రాసిన సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే లోపం కనిపిస్తుంది.

నెలను, రోజును తారుమారు చేసినా చెల్లుబాటయ్యే తేదీలు నెలకు 12 చొప్పున ఏడాదికి 144. వాటిలో 01/01, 02/02 వంటి 12 తేదీలు ఎటు నుంచి చదివినా ఒకటే. మిగిలిన 132 రోజులు, అంటే ఏడాదిలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, తప్పుగా చదివినా తప్పని తెలియనివి. 15/08/1947ను నెల ముందున్న వరుసలో చదవబోయిన సాఫ్ట్‌వేర్ పదిహేనో నెల లేదని ఆగిపోతుంది. తెలంగాణ అవతరణ తేదీ 02/06/2014ను ఫిబ్రవరి 6గా, ఆంధ్రప్రదేశ్ అవతరణ తేదీ 01/11/1956ను జనవరి 11గా మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా స్వీకరిస్తుంది. ఆగిపోయే తప్పు ఎవరో ఒకరి కంట పడుతుంది. ఆగని తప్పు పుట్టిన తేదీగానో, చెల్లింపు గడువుగానో రికార్డులోకి చేరి కూర్చుంటుంది.

ఒకప్పుడు పరిస్థితి కొంత నయం. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి ‘రీజియన్’ విభాగంలో తేదీ రూపాన్ని మార్చుకుంటే, తేదీని పేర్చడానికి విండోస్ అందించే ఫంక్షన్లనే వాడుకునే ప్రోగ్రాములన్నీ ఆ మార్పును అందుకునేవి. దేశాన్ని ఎంచుకోవడంతో సరిపెట్టకుండా, నెలను అక్షరాల్లో చూపమనో, ఏడాదిని ముందు పెట్టమనో తనకు కావలసిన నమూనాను సొంతంగా రాసుకునే వీలు కూడా వినియోగదారుకు అక్కడ ఉంది. లినక్స్‌లో ఇదే పనికి ‘ఎల్‌సీ_టైమ్’ అనే అమరిక ఉంది; సందేశాలు ఏ భాషలో కనిపించాలో నిర్ణయించే అమరిక దాని నుంచి వేరు. మెనూలు ఒక దేశపు ఇంగ్లిష్‌లో, తేదీలు మరో దేశపు పద్ధతిలో కావాలనుకోవడం వింత కోరిక కాదని ఆ వ్యవస్థలను రూపొందించినవారు ముందే గుర్తించారన్నమాట. ఇంగ్లిష్ మాటలతో పాటు ఏడాది-నెల-రోజు వరుస కావాలనుకునే లినక్స్ వాడకందారులు తేదీకి మాత్రం ‘ఇంగ్లిష్ (డెన్మార్క్)’ ఎంచుకోవడం చాలాకాలంగా నడుస్తున్న చిట్కా. డెన్మార్క్‌తో వారికి వేరే సంబంధమేమీ ఉండదు.

ఒకే ప్రోగ్రామ్ విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ, ఫోన్లలోనూ ఒకే తీరుగా పనిచేయాలన్న అవసరం పెరిగాక ఈ ఏర్పాటు సడలింది. ఏ దేశంలో, ఏ భాషలో తేదీలు, అంకెలు, వారాల పేర్లు ఎలా రాస్తారో తెలిపే సమాచారాన్ని సీఎల్‌డీఆర్ అనే భాండారంలో 2004 నుంచి, కంప్యూటర్లలో ప్రపంచ లిపులకు సంకేతాలు ఖరారు చేసే యూనికోడ్ కన్సార్టియం నిర్వహిస్తోంది. ఐసీయూ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే తయారు కోడ్) ఆ సమాచారం ఆధారంగా తేదీలను పేరుస్తుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాష 2017లో వచ్చిన 9వ రూపం నుంచి సీఎల్‌డీఆర్‌నే మొదటి ఆధారంగా తీసుకుంటోంది. క్రోమ్ బ్రౌజర్‌కు పునాది అయిన క్రోమియం తన ఐసీయూ ప్రతిని తానే వెంట తెచ్చుకుంటుంది, ఎలక్ట్రాన్ అనే సాధనంతో క్రోమియం మీద కట్టిన అప్లికేషన్లకూ అదే ఆధారం. ఒక కంప్యూటర్‌లో పది ప్రోగ్రాములు ఉంటే తేదీల గురించిన జ్ఞానం పది ప్రతులుగా ఉండటం ఇప్పుడు మామూలు విషయం.

సీఎల్‌డీఆర్ ఎంతో విలువైన కృషి; తెలుగు నెలల పేర్లను, రోజు-నెల-ఏడాది వరుసను ఏ సంస్థా విడిగా సేకరించుకోనక్కర లేకుండా చేసింది అదే. అయితే ఒక ప్రాంతంలో సాధారణంగా వాడే రూపమేదో మాత్రమే అది చెప్పగలదు, ఈ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఏది కోరుకున్నాడో చెప్పలేదు. ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ‘లొకేల్ పేరేమిటి’ అని ఒక్క ప్రశ్న అడిగి, మిగిలిందంతా తన వెంట ఉన్న భాండారం నుంచి తీసుకుంటే, వినియోగదారు సొంతంగా రాసుకున్న నమూనా అక్కడే ఆగిపోతుంది. విండోస్ అమరికల్లో అది భద్రంగానే ఉంటుంది. దాన్ని చదివేవారే ఉండరు.

ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబునైనా సరిగా వాడుకుంటున్నారా అంటే, అక్కడ భారతీయులకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటి ఉంది. సీఎల్‌డీఆర్‌లో ఏ ప్రాంతమూ జోడించని ఉత్త ‘ఇంగ్లిష్’ అంటే అమెరికా ఇంగ్లిషే. భారతదేశపు ఇంగ్లిష్ దాని కింద ఉండదు. ‘ప్రపంచ ఇంగ్లిష్’ అనే వేరే శాఖ కింద ఉంటుంది, ఆ శాఖలో రోజు ముందు వస్తుంది. చాలా అప్లికేషన్లకు ఇంగ్లిష్ అనువాదం ఒకటే ఉంటుంది కాబట్టి, ‘ఇంగ్లిష్ (ఇండియా)’ అని వచ్చిన కోరికలో ప్రాంతాన్ని కత్తిరించి ‘ఇంగ్లిష్’ను మాత్రమే ఉంచుకుంటాయి. మెనూల వరకు ఇందులో నష్టం లేదు, ‘సేవ్’ అన్న మాట రెండు దేశాల్లోనూ ఒకటే. అదే కత్తిరించిన పేరును తేదీని పేర్చే ఫంక్షన్‌కు కూడా అందించినప్పుడు అమెరికా వరుస తెర మీదికి వస్తుంది. అనువాదం ఉందా లేదా అన్న ప్రశ్నకూ, తేదీ ఎలా రాయాలన్న ప్రశ్నకూ ఒకే జవాబు వాడటం వల్ల జరిగే నష్టం ఇది. జావా 2011లో వచ్చిన 7వ రూపంలోనే ఈ రెంటినీ విడదీసింది. డాట్‌నెట్‌లో మొదటినుంచీ ఇవి వేర్వేరు. సాధనం ఉన్నా వాడకపోవడం ఎక్కువ.

తేదీ రూపం భాషను అంటిపెట్టుకుని ఉంటుందన్న ఊహ ఎంత బలహీనమైనదో చూడటానికి తెలుగు చాలు. మాటల్లో చెప్పేటప్పుడు ‘జూన్ 2న’ అంటారు, పత్రికలు ‘2014 జూన్ 2’ అని అచ్చువేస్తాయి. రెంటిలోనూ రోజు కన్నా నెలే ముందు. అదే వ్యక్తి దరఖాస్తు మీద సంతకం కింద 02-06-2014 అని రోజును ముందు పెట్టి రాస్తాడు. అంకెల తేదీ బడిలో, ఆఫీసులో, బ్యాంకులో అలవాటైన ఆచారం. దానికీ మాట్లాడే భాషలోని వరుసకూ పొంతన ఉండనక్కర లేదు. తెలుగువారిలో చాలామంది ఫోన్‌ను, కంప్యూటర్‌ను ఇంగ్లిష్‌లోనే వాడతారు, ఆ ఇంగ్లిష్ తరచుగా అమెరికాదే అయి ఉంటుంది. అలాంటివారికి సరైన తేదీ కావాలంటే భాష మార్చుకొమ్మని సలహా ఇవ్వడం అన్యాయం, ఎందుకంటే వారు భాష గురించి ఫిర్యాదు చేయనే లేదు.

మొజిల్లా కుటుంబంలోని థండర్‌బర్డ్ ఈమెయిల్ ప్రోగ్రామ్ ఈ మార్పు మొత్తానికి మంచి ఉదాహరణ. 2018లో వచ్చిన దాని 60వ రూపం నాటికి తేదీలను పేర్చే పని ఐసీయూ చేతికి వెళ్లింది, తేదీ రూపం ఆపరేటింగ్ సిస్టమ్ అమరికల బదులు ప్రోగ్రామ్ భాషను అనుసరించసాగింది. అమెరికా ఇంగ్లిష్ ప్రతిని వాడే యూరప్, ఆసియా వాసులకు ఉత్తరాల జాబితాలో తేదీలు తిరగబడి కనిపించాయి. దీనికి విరుగుడుగా, ప్రోగ్రామ్ భాషను అనుసరించాలా, కంప్యూటర్ ప్రాంతీయ అమరికను అనుసరించాలా అని అడిగే ఎంపిక ఒకటి ప్రిఫరెన్సుల్లో చేర్చారు. అటువంటి ఎంపికే ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంది. అలా చేయడం సరైన పనే, కాకపోతే కంప్యూటర్‌లో ఒకసారి చెప్పిన మాటను ప్రతి ప్రోగ్రామ్‌లోనూ మళ్లీ చెప్పుకోవలసి రావడం, అదీ ఎక్కడ చెప్పాలో వెతుక్కుని చెప్పవలసి రావడం, ఆ మొదటి అమరిక విలువను తగ్గిస్తుంది.

వెబ్‌సైట్ల దగ్గర చిక్కు ఇంకా గట్టిది. బ్రౌజర్ ప్రతి అభ్యర్థనతోనూ సర్వర్‌కు పంపే సమాచారంలో ఇష్టమైన భాషల జాబితా ఉంటుంది, తేదీ రూపం ఉండదు. బ్రౌజర్ లోపల నడిచే జావాస్క్రిప్టుకు 2012లో వచ్చిన అంతర్జాతీయీకరణ ప్రమాణం లొకేల్ పేరుకు అనుబంధంగా ఏ పంచాంగం, 12 గంటలా 24 గంటలా, ఏ లిపి అంకెలు అన్న మూడు వివరాలను తేదీ విషయంలో స్వీకరిస్తుంది. రోజు ముందా, నెల ముందా అన్నదానికి అందులో చోటు లేదు. దీని వెనుక ఒక న్యాయమైన భయం కూడా ఉంది: వినియోగదారు అమరికల్లోని ప్రతి చిన్న వివరాన్నీ వెబ్‌సైట్లకు బయటపెడితే, ఆ వివరాల కలయికను బట్టి ఆ మనిషినే గుర్తుపట్టి వెంటాడవచ్చు. తన తేదీని ‘రోజు.నెల.ఏడాది’ అని చుక్కలతో మార్చుకున్న హైదరాబాదీ లక్షల మందిలో వేరుగా కనిపిస్తాడు. గోప్యతకూ సౌకర్యానికీ నిజమైన పోటీ ఉన్న చోటు ఇది, ఇక్కడ బ్రౌజర్ తయారీదారులను తప్పుపట్టడం కష్టం.

ఆ వాదన వర్తించని చోటు కూడా అక్కడే ఉంది. వెబ్ ఫారాల్లో తేదీ ఎంచుకోవడానికి బ్రౌజరే చూపే పెట్టె ఒకటుంది. పెట్టెలో తేదీ ఎలా కనిపించినా, సర్వర్‌కు వెళ్లేది మాత్రం ఎప్పుడూ ఏడాది-నెల-రోజు వరుసలోనే అని వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాష ప్రమాణం చెబుతుంది. కనిపించే రూపం వెబ్‌సైట్‌కు తెలియనవసరం లేదు గనుక దాన్ని కంప్యూటర్ అమరిక నుంచి తీసుకున్నా గోప్యతకు పెద్ద ముప్పు రాదు. అయినా అమెరికా ఇంగ్లిష్‌లో నడిచే క్రోమ్ కొన్ని కంప్యూటర్లలో ఆ పెట్టెలో నెలనే ముందు చూపుతుంది. పెట్టె పైన ‘రోజు/నెల/ఏడాది’ అని వెబ్‌సైట్ రాసి ఉంచితే, శీర్షిక ఒకటి చెబుతుంది, పెట్టె ఇంకొకటి అడుగుతుంది. వెబ్‌సైట్ రాసినవారు ఆ పెట్టెలోని వరుసను మార్చలేరు కూడా.

ప్రోగ్రామర్లు లొకేల్‌ను నమ్మకుండా తేదీ రూపాన్ని కోడ్‌లోనే గట్టిగా రాసేయడానికి ఇంకో కారణం ఉంది. సీఎల్‌డీఆర్ సమాచారం స్థిరంగా ఉండదు, వాడుకను బట్టి మారుతుంది. 2022లో వచ్చిన 42వ రూపంలో ఇంగ్లిష్ సమయానికీ, ‘పీఎం’ అన్న అక్షరాలకూ మధ్య మామూలు ఖాళీ స్థానంలో ఒక సన్నటి ప్రత్యేక ఖాళీ వచ్చింది. కంటికి దాదాపు తేడా లేదు. తెర మీద పేర్చిన సమయాన్నే తిరిగి చదువుకుంటున్న ప్రోగ్రాములు మాత్రం తడబడ్డాయి, క్రోమ్‌లో జావాస్క్రిప్టును నడిపే వీ8 పాత ఖాళీని తిరిగి పెట్టవలసి వచ్చింది. మనుషుల కోసం పేర్చిన వాక్యాన్ని యంత్రం చేత చదివించడమే అసలు తప్పు. అయినా దెబ్బతిన్న ప్రోగ్రామర్ నేర్చుకునే పాఠం సాధారణంగా అది కాదు, ఇక లొకేల్ జోలికి పోకూడదన్నదే. ఏడాది-నెల-రోజు వరుస కోసం జావాస్క్రిప్టులో కెనడా ఇంగ్లిష్‌ను అరువు తెచ్చుకునే అలవాటూ ఇలాంటి దొడ్డిదారే.

సర్వర్లలో వినియోగదారు ఊసే ఉండదు. పీడీఎఫ్ రసీదు, ఈమెయిల్, ఎస్‌ఎంఎస్ వంటివి తయారయ్యే యంత్రం ముందు ఎవరూ కూర్చోరు; దాని లొకేల్ తరచుగా మొదట్లో చెప్పిన ‘సీ’ స్థితి, లేకపోతే అమెరికా ఇంగ్లిష్. డేటాబేస్‌లకు మళ్లీ సొంత నియమాలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ‘డేట్‌స్టైల్’ అనే అమరిక 03/04ను ఎలా చదవాలో నిర్ణయిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది లాగిన్ భాష మీద, అంటే అందులోకి ప్రవేశించే ఖాతాకు కేటాయించిన భాష మీద ఆధారపడుతుంది. లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లిష్ అయితే, పాత ‘డేట్‌టైమ్’ రకం 2024-04-13 అన్న తేదీలో 04ను రోజుగా, 13ను నెలగా తీసుకుని దోషం చూపుతుంది. సందేహానికి తావులేదని అందరూ భావించే వరుస కూడా అక్కడ తిరగబడుతుంది. గీతలు లేకుండా 20240413 అని రాస్తేనే క్షేమం.

వీటన్నిటి ఫలితం మామూలు మనుషులకు తగిలేది స్ప్రెడ్‌షీట్‌లో. బ్యాంకు వెబ్‌సైట్ నుంచి ఏప్రిల్ 2024 లావాదేవీలను సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో వేరుచేసిన ఉత్త అక్షరాల పట్టికగా దింపుకుని, అమెరికా అమరికలున్న కంప్యూటర్‌లో ఎక్సెల్‌తో నేరుగా తెరిచారనుకుందాం. ఫైలులో తేదీలు రోజు/నెల/ఏడాది వరుసలో ఉన్నాయి. 13/04 నుంచి 30/04 వరకు ఉన్న 18 తేదీలు ఎక్సెల్‌కు తేదీలుగా అర్థం కాక ఉత్త అక్షరాలుగా మిగిలి, గడిలో ఎడమ వైపుకు జరిగి ఉంటాయి. 01/04 నుంచి 12/04 వరకు ఉన్నవి నిజమైన తేదీలుగా మారి కుడి వైపున నిలుస్తాయి, 04/04 ఒక్కటి తప్ప అన్నీ తప్పు. ఏప్రిల్ 1 జనవరి 4 అవుతుంది, ఏప్రిల్ 12 డిసెంబరు 4 అవుతుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి నష్టం నెల మారడంతో ఆగదు: ఏప్రిల్ 1, 2, 3 తేదీల లావాదేవీలు వరుసగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోకి, అంటే ముగిసిపోయిన 2023-24 ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతాయి. ఆ జాబితాను తేదీల వారీగా కూడబెట్టి పన్ను లెక్క వేసేవారికి మొత్తం తేడా ఎందుకు వచ్చిందో కనిపెట్టడం సులువు కాదు. అడగకుండా తేదీలు తయారుచేసే ఈ అలవాటు ఎంత దూరం పోయిందంటే, ‘మార్చ్1’, ‘సెప్ట్1’ వంటి సంకేతాలున్న మానవ జన్యువులను ఎక్సెల్ పదేపదే తేదీలుగా మార్చేస్తుండటంతో, 2020 నాటికి జన్యువుల పేర్లు ఖరారు చేసే సంఘం ఆ సంకేతాలనే మార్చింది.

ఇక్కడ ఎక్సెల్ తన పద్ధతిలో నిజాయితీగానే ఉందనాలి, ఎందుకంటే అది కంప్యూటర్ ప్రాంతీయ అమరికనే పాటించింది. తేదీ రాసిన చోటి అమరిక, చదివే చోటి అమరిక వేరైనప్పుడు ఏదో ఒకదాన్ని పాటించినంత మాత్రాన సరిపోదని దీన్ని బట్టి తెలుస్తుంది. నిల్వకూ, బదిలీకీ వాడే రూపం ఎవరి అమరికతోనూ సంబంధం లేనిదై ఉండాలి. ఏడాది-నెల-రోజు వరుసను నిర్దేశించే అంతర్జాతీయ ప్రమాణం, 1988లో మొదట వెలువడిన ఐఎస్ఓ 8601 చేసింది అదే, భారతీయ ప్రమాణాల బ్యూరో కూడా ఐఎస్ 7900 పేరుతో ఆ పద్ధతిని స్వీకరించింది. కంటికి చూపే రూపం మాత్రం చూసేవారి అమరికను అనుసరించాలి. ఈ రెంటినీ కలిపేసి, అందరికీ తెర మీద కూడా ఏడాది-నెల-రోజే చూపితే గొడవ ఉండదని వాదించే సాంకేతిక నిపుణులు ఉన్నారు. ఆ వరుసలో పొరపాటుకు తావు తక్కువన్నది నిజమే. అయినా వినియోగదారు కోరినదాన్ని పక్కన పెట్టడంలో అమెరికా వరుసను రుద్దడానికీ, దీనికీ తేడా లేదు.

చూసేవారి అమరిక తెలుసుకునే దారి ఏదీ లేనప్పుడు నెలను అక్షరాల్లో రాయడం మేలు. అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 దరఖాస్తు సొంత దేశపు వరుసను వదిలి, రోజు, మూడక్షరాల నెల, ఏడాది అన్న రూపాన్ని వాడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో అంకెలతో ఉన్న పుట్టిన తేదీని చూసి ఆ ఫారం నింపే తెలుగు విద్యార్థికి తికమక ఉండదు. అదే విద్యార్థి అమెరికా చేరాక విశ్వవిద్యాలయం, బ్యాంకు, బీమా సంస్థల ఫారాల్లో నెలను ముందు రాయవలసి వస్తుంది. అక్షరాల నెల కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది, ప్రతి భాషలోకీ అనువదించాలి. ఇరుకైన ఫోన్ తెర మీద డిజైనర్లు దాన్ని ఇష్టపడకపోవడానికి ఈ రెండూ కారణాలు.

ఫోన్లలో పరిస్థితి వెనక్కి నడిచింది. తొలి ఆండ్రాయిడ్ రూపాల్లో తేదీ, సమయం అమరికల కింద తేదీ వరుసను ఎంచుకునే వీలుండేది. తరువాత దాన్ని తొలగించి, భాష-ప్రాంతం ఎంపిక నుంచే అంతా తేల్చుకోసాగారు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో ‘ప్రాంతీయ ప్రాధాన్యాలు’ అనే కొత్త విభాగం పెట్టి ఉష్ణోగ్రత కొలమానాన్ని, వారం మొదలయ్యే రోజును, అంకెల లిపిని భాషతో నిమిత్తం లేకుండా ఎంచుకోనిచ్చారు. భాష నుంచి ఇతర ఇష్టాలను విడదీయాలన్న సూత్రాన్ని ఒప్పుకున్నాక, అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లకు కారణమయ్యే తేదీ వరుసను ఆ విభాగంలోకి ఎందుకు తేలేదో అర్థం కాదు.

ప్రస్తుతానికి వినియోగదారు చేయగలిగింది ఒక్కో సాధనం దగ్గరా విడివిడిగా చేయవలసిందే. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాంతంతో పాటు భాషను కూడా అమెరికా ఇంగ్లిష్ నుంచి ఇండియా ఇంగ్లిష్‌కు మార్చుకుంటే, భాషను బట్టి తేదీని ఊహించే ప్రోగ్రాములు కొన్ని దారికి వస్తాయి. గూగుల్ షీట్స్‌లో లొకేల్ ఫైలుకు చెందుతుంది, చూసే మనిషికి కాదు. ఫైలు సెట్టింగుల్లో దాన్ని ఇండియాగా మార్చితే తెరిచిన ప్రతి ఒక్కరికీ అదే వర్తిస్తుంది, 13/04 అన్నది అప్పుడు తేదీగా గుర్తింపు పొందుతుంది. ఎక్సెల్‌లో తేదీ నమూనాల జాబితాలో నక్షత్రం గుర్తుతో మొదలయ్యేవి మాత్రమే కంప్యూటర్ అమరికతో పాటు మారతాయి, మిగిలినవి మారవు. సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు క్లిక్ చేసి తెరవకుండా, డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకుంటూ తేదీల్లో రోజు, నెల, ఏడాది ఏ క్రమంలో ఉన్నాయో ఎక్సెల్‌కు చెప్పవచ్చు. అయితే ఇది అసలు ఫైలు చేతిలో ఉన్నంతవరకే పనిచేస్తుంది. ఒకసారి నేరుగా తెరిచి, దాచి, పాత ప్రతిని తీసేశాక, గడిలో మిగిలేది జనవరి 4ను దాచుకోవడానికి ఎక్సెల్ వాడే వరుస సంఖ్య మాత్రమే; అది ఒకప్పుడు ఏప్రిల్ 1 అని చెప్పే ఆనవాలు ఆ ఫైలులో ఎక్కడా ఉండదు, బ్యాంకు నుంచి మళ్లీ దింపుకోవలసిందే.